తెరచాప ఓడ మీద 24 గంటలు

ఎత్తైన స్తంభాలు, వాటికి అడ్డంగా బిగించిన దూలాలు, దూలాలకు వేలాడే తెరచాపలు, వాటిని ఎత్తడానికీ దించడానికీ తిప్పడానికీ వందకు పైగా తాళ్లు ఉండే పెద్ద ఓడలను టాల్ షిప్‌లు అంటారు. సరుకు రవాణాలో వీటి కాలం ఇరవయ్యో శతాబ్దం మధ్యకే ముగిసింది. అయినా ఇటలీ నౌకాదళం 1931 నాటి అమెరిగో వెస్పూచ్చిని, అమెరికా కోస్ట్‌గార్డు 1936 నాటి ఈగిల్‌ను ఈనాటికీ నడుపుతున్నాయి. భారత నౌకాదళానికి తరంగిణి, సుదర్శిని అనే రెండు ఓడలున్నాయి. క్షిపణులు మోసే యుద్ధనౌకలున్న దేశాలు కూడా కుర్రవాళ్లను ముందు తెరచాపల కిందికి పంపుతున్నాయంటే దానికి గట్టి కారణమే ఉంది. ఇంజిను ఓడలో గాలీ, అలలూ అద్దాలకు అవతల ఉండిపోతాయి. తెరచాప ఓడలో అవి తాడు గుండా నావికుడి అరచేతిలోకి వస్తాయి. పైగా ఇక్కడ ఒక్కడి బలంతో అయ్యే పని దాదాపు ఏదీ లేదు.

తరంగిణిని బ్రిటన్‌కు చెందిన నౌకాశిల్పి కాలిన్ మ్యూడీ రూపొందించగా గోవా షిప్‌యార్డులో కట్టారు. 1995 డిసెంబరు 1న నీళ్లలోకి దించారు, 1997 నవంబరు 11న నౌకాదళంలో చేర్చారు. పొడవు 54 మీటర్లు, బరువు సుమారు 500 టన్నులు. మూడు స్తంభాల మీద మొత్తం 20 తెరచాపలు. అన్నీ విప్పి పరిస్తే దాదాపు పావు ఎకరం నేలను కప్పేస్తాయి. ముందున్న రెండు స్తంభాలకు అడ్డ దూలాల మీద చదరపు తెరచాపలుంటాయి. వెనుక స్తంభానిది ఓడ పొడవు వెంట సాగే తెరచాప. 2003 జనవరిలో కొచ్చిలో బయల్దేరి 2004లో తిరిగి వచ్చిన ఈ ఓడ, భూగోళాన్ని చుట్టిన మొదటి భారత నౌకాదళ నౌక. 2012లో చేరిన సుదర్శిని అదే ఏడాది సెప్టెంబరులో కొచ్చి నుంచి బయల్దేరి ఆగ్నేయాసియా దేశాల రేవులు తిరిగి 2013 మార్చిలో ఇల్లు చేరింది.

తెలుగు నేలకు ఓడ జీవితం కొత్తేమీ కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం, తుపానుకు విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజు సొంతం చేసుకునే పాత పద్ధతిని మానిపించింది. సుంకం తప్ప మిగతాది వర్తకుడిదేనని మాట ఇచ్చింది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి, పక్కనున్న తాళ్లరేవు ఓడల నిర్మాణానికి పేరుపడిన ఊళ్లు. బర్మాకు వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు కోరంగీలనే పిలిచేవాళ్లు, ఎక్కువమంది ఆ రేవు మీదుగా రావడమే దానికి కారణం. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు కోరంగిని తుడిచిపెట్టాయి. ఆ రేవుల ఓడల్లో గాలికి ఎదురు నిలిచి పనిచేసిన మనుషుల రోజువారీ బతుకు గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాసి పెట్టలేదు. ఇది చరిత్రలో నిజమైన లోటు. వాళ్ల మాటలు కొన్ని మిగిలాయి. ఓడ పనివాళ్ల పెద్దను సరంగు అనేవాళ్లు. గోదావరి లాంచీ నడిపేవాడిని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. శ్రీకాకుళం తీరంలో పడవ నాయకుడు తండేలు.

ఇవాళ్టి శిక్షణ ఓడలో పైన కెప్టెన్, ఆయన కింద కొద్దిమంది అధికారులు, తెరచాపల పని క్షుణ్ణంగా తెలిసిన బోసన్, అతని కింద అనుభవం ఉన్న నావికులు, ఇంజిను చూసేవాళ్లు, వంటవాళ్లు, వైద్య సహాయకుడు ఉంటారు. వీళ్లు ఓడ సొంత మనుషులు. శిక్షణకు వచ్చినవాళ్లు కొన్ని వారాలకో నెలలకో మారిపోతారు. తరంగిణిలో ఒక్కో విడతకు సుమారు ముప్పై మంది క్యాడెట్లు ఎక్కుతారు. ఓడలో రాని పని నేర్పేది ఎక్కువగా బోసనే. చదువులో ముందున్న క్యాడెట్‌కైనా మొదటి వారం గురువు ఆయనే, తాళ్ల పేర్లే పాఠం.

ఓడ రోజు సూర్యోదయంతో మొదలై సూర్యాస్తమయంతో ముగిసేది కాదు. 24 గంటలనూ నాలుగేసి గంటల వంతులుగా కోస్తారు. ఈ వంతునే వాచ్ అంటారు. రాత్రి 8 నుంచి 12, 12 నుంచి తెల్లవారుజాము 4, అక్కడి నుంచి ఉదయం 8, తరువాత మధ్యాహ్నం 12, సాయంత్రం 4. సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్న వంతును మాత్రం రెండు గంటల చొప్పున రెండుగా విడగొడతారు. దాంతో రోజుకు వంతులు ఆరుకు బదులు ఏడవుతాయి. మనుషులు మూడు జట్లు కాబట్టి ఏ జట్టుకూ రోజూ అదే వేళ పడదు. ఈ రోజు అర్ధరాత్రి వంతు చేసిన జట్టు మర్నాడు ఆ వేళకు నిద్రపోగలుగుతుంది. వందల ఏళ్ల కిందట ఎవరు కనిపెట్టారో గాని, కష్టాన్ని అందరికీ సమానంగా పంచడానికి ఇంతకంటే సులువైన ఏర్పాటు ఇప్పటికీ రాలేదు. కాలం తెలియడానికి అర గంటకోసారి గంట కొట్టడం పాత ఆచారం. వంతు మొదలైన అర గంటకు ఒకటి, గంటకు రెండు, అలా ఎనిమిది కొట్టేసరికి వంతు పూర్తి. గడియారాలు వచ్చాక అవసరం తీరినా చాలా ఓడలు దీన్ని వదలలేదు.

అర్ధరాత్రి వంతును తీసుకుందాం. పన్నెండుకు పావు గంట ముందే ఒకరు వచ్చి పడకల దగ్గర మెల్లగా లేపుతారు. బయట చలి ఎంత, వాన ఉందా, ఏ బట్టలు వేసుకోవాలో చెప్పి వెళ్తారు. లేచినవాడు పన్నెండుకు అయిదు నిమిషాల ముందు డెక్కు మీద నిలబడాలి. ఆలస్యమైతే అలసిపోయి ఎదురుచూస్తున్న ఇంకొకరి నిద్ర తగ్గుతుంది. ఓడలో మనుషులు ఒకరినొకరు తూచే మొదటి కొలత ఇదే. దిగే జట్టు ఎక్కే జట్టుకు అన్నీ అప్పజెబుతుంది: ఏ దిక్కుకు పోతున్నాం, ఏ తెరచాపలు విప్పి ఉన్నాయి, గాలి ఎటు నుంచి, చుట్టుపక్కల ఏ ఓడల దీపాలు కనబడుతున్నాయి. తరువాత జట్టులో ఒకరు చుక్కాని చక్రం పట్టుకుంటారు, ఒకరు ఓడ ముందుభాగంలో నిలబడి చీకట్లోకి చూస్తారు, ఒకరు అడుగుభాగంలోకి దిగి ఎక్కడైనా నీరు చేరుతోందా, పొగ వాసన వస్తోందా అని చూసి వస్తారు. గంటకోసారి ఓడ వేగం, దిక్కు, గాలి, గాలి పీడనం చిట్టాలో రాస్తారు. పీడనం గబగబా పడిపోతుంటే తుపాను దగ్గరలో ఉన్నట్టే, కెప్టెన్‌ను లేపాలి. చుక్కాని పట్టినవాడినీ ముందు నిలబడినవాడినీ గంటకోసారి మారుస్తారు. అంతకు మించితే కళ్లు చూస్తూనే ఉంటాయి, మనసు చూడడం మానేస్తుంది.

చుక్కాని పట్టడం చూసేవాళ్లకు తేలిక. కొత్తవాడు దిక్సూచి ముల్లు వెంట పరుగెత్తుతాడు. ఓడ కుడికి తిరిగాక చక్రాన్ని ఎడమకు తిప్పుతాడు, అది మెల్లగా స్పందించేలోగా ఇంకా తిప్పేస్తాడు. ఓడ పాములా మెలికలు తిరుగుతుంది. కొద్ది రోజులకు కాడి పట్టిన రైతుకు ఎడ్ల అడుగు ముందే తెలిసినట్టు ఓడ కదలిక పాదాల్లోంచి అందుతుంది. అప్పుడు ముల్లు కన్నా ముందే చేయి తిరుగుతుంది.

గాలి తిరిగినప్పుడు అసలు పని మొదలవుతుంది. చదరపు తెరచాపల ఓడ గాలికి ఎదురుగా పోలేదు; గాలి వచ్చే దిక్కుకు సుమారు 60 డిగ్రీల లోపలికి వెళ్లడం దానికి చేతకాదు. గమ్యం గాలికి ఎదురుగా ఉంటే వంకరటింకరగా, ఒకసారి ఇటు ఒకసారి అటు సాగాలి. దిక్కు మార్చిన ప్రతిసారీ దూలాలన్నిటినీ ఒక వరసలో తిప్పాలి. ఒక్కో దూలానికి రెండు వైపులా తాళ్లుంటాయి. ఒక వైపు పదిమంది లాగుతుంటే రెండో వైపు వాళ్లు అంతే కొలతగా వదలాలి. ముందు వదిలితే దూలం ఊగిపోతుంది, ఆలస్యంగా వదిలితే తాడు తెగుతుంది. ఆదేశం వినగానే ఎవరు ఏ తాడు దగ్గరికి పోవాలో చీకట్లో కూడా తెలియాలి. అందుకే ప్రతి తాడుకూ ఓడ అంచున ఒక నిర్ణీత మేకు ఉంటుంది, ఆ చోటు ఎన్నటికీ మారదు. లాగిన తాడును ఆ మేకుకు ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, మిగిలిన దాన్ని గుండ్రంగా చుట్టి వేలాడదీస్తారు. వదిలేయమని కేక వినబడిన క్షణంలో అది చిక్కుపడకుండా జారిపోవాలి. తాడు చిక్కు పడిందంటే తెరచాప చిరగవచ్చు, కాలు ఇరుక్కుంటే మనిషే పోవచ్చు.

తెరచాప చుట్టి కట్టడానికి స్తంభం ఎక్కక తప్పదు. నడుముకు పట్టీ బిగించుకుని, గాలి వీచే వైపు నుంచే ఎక్కుతారు, గాలి ఒంటిని నిచ్చెన తాళ్లకు అదిమి పెడుతుంది కాబట్టి. పైకి చేరాక దూలం కింద వేలాడే ఒక్క తాడు మీద పాదాలు పెట్టి, పొట్టను దూలానికి ఆనించి పక్కకు జరుగుతారు. ఒకరు అడుగు పెడితే ఆ తాడు మీద ఉన్నవాళ్లందరి కాళ్లూ కదులుతాయి, అందుకే అడుగు పెట్టేముందు గొంతెత్తి చెప్పాలి. ఒక చేయి తనకు, ఒక చేయి ఓడకు అన్నది నావికుల పాత నియమం. తడిసిన తెరచాప పలకలా బిగుసుకుపోతుంది; గోళ్లు అరిగేలా పిడికిళ్లతో మడిచి పట్టీలతో కట్టాలి. కింద ఓడ కొద్దిగా ఒరిగితే చాలు, పైన మనిషి ఎన్నో మీటర్లు ఊగుతాడు. ఎక్కడానికి భయపడే క్యాడెట్‌ను మంచి ఓడల్లో ఎవరూ ఎగతాళి చేయరు, నెట్టరు. రేవులో ఆగి ఉన్నప్పుడు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఎక్కలేనివాళ్లకు డెక్కు మీద కావలసినంత పని ఉంటుంది.

పగటిపూట నిర్వహణ పని ఉంటుంది, అది ఎప్పటికీ పూర్తి కాదు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతూనే ఉంటుంది. దాన్ని గీకి రంగు వేసేలోపు మరోచోట పడుతుంది. ఉదయాన్నే డెక్కు కడగడం, ఇత్తడి తోమడం, అరిగిన తాళ్లు పేనడం, చిరిగిన తెరచాప కుట్టడం. కుట్టేవాళ్లు అరచేతికి తోలు పట్టీ తొడుక్కుని, దానిలో ఉన్న లోహపు బిళ్లతో లావుపాటి సూదిని నెడతారు. ఒకప్పటి అవిసెనార గుడ్డ పోయి పాలియెస్టర్ వచ్చింది గాని సూదీ పట్టీ అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ క్యాడెట్లు సెక్స్‌టెంట్ పట్టుకుని వరుసగా నిలబడతారు. సూర్యుడు దిగంతానికి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉన్నాడో కొలిచి, ఆ రోజు పట్టికతో లెక్క కడితే ఓడ ఏ అక్షాంశం మీద ఉందో తెలుస్తుంది. ఉపగ్రహాల ద్వారా స్థానం చెప్పే యంత్రం పక్కనే ఉన్నా ఈ లెక్క నేర్పడం మానలేదు. కరెంటు పోతే యంత్రం పోతుంది, సూర్యుడు పోడు. రాత్రి ఉత్తరార్ధగోళంలో ధ్రువనక్షత్రం ఎత్తే దాదాపుగా అక్షాంశం. అనంతపురం జిల్లాలోని గార్లదిన్నెలో నిలబడి చూస్తే అది ఉత్తరాన సుమారు 15 డిగ్రీల ఎత్తులో, అంటే చేయి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పుకు ఒకటిన్నర రెట్లలో కనిపిస్తుంది. తరంగిణి పుట్టిన గోవా రేవులోనూ దాదాపు అంతే. విశాఖకు పోతే మరో రెండు మూడు డిగ్రీలు పైకి జరుగుతుంది.

గాలి విషయంలోనూ అనంతపురం పీఠభూమికి అరేబియా సముద్రంతో బంధం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ సముద్రం మీద నైరుతి గాలి ఉగ్రంగా వీస్తుంది. పాతకాలపు తెరచాప ఓడలు ఆ నెలల్లో పడమటి తీరం రేవుల్లోకి రావడం చాలావరకు మానుకునేవి. ఆ గాలే పడమటి కనుమల మీద తన వానంతా కురిపించి, పొడిబారి, ఆషాఢంలో గార్లదిన్నె చేల మీద దుమ్ము లేపుతూ పోతుంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పేదీ అదే. వాన మిగల్చని ఆ గాలిని తిట్టుకునే రైతుకు, దాని రాకపోకలు చూసుకునే వేల ఏళ్ల పాటు ఓడలు ఆఫ్రికాకూ అరేబియాకూ వెళ్లి వచ్చాయన్నది తెలియవలసిన సంగతి.

ఓడలో మంచినీళ్ల లెక్క కరువు సీమ మనుషులకు వెంటనే అర్థమవుతుంది. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగడానికి చుక్క పనికిరాదు. ట్యాంకుల్లో నింపుకున్నవి, సముద్రపు నీటిని వడగట్టే యంత్రం ఇచ్చేవే ఆధారం. యంత్రానికి ఇంధనం కావాలి, అది ఎప్పుడైనా మొరాయించవచ్చు. అందుకే స్నానం అంటే ఒళ్లు తడపగానే కుళాయి కట్టేయడం, సబ్బు రుద్దుకోవడం, మళ్లీ క్షణం తిప్పి కడుక్కోవడం. ఉప్పునీటితో స్నానం చేస్తే మామూలు సబ్బు నురగ రాదు. ఆ నీటితో ఉతికిన బట్టలు పూర్తిగా ఆరవు; మిగిలిన ఉప్పు గాలిలో తేమను లాక్కుంటూనే ఉంటుంది. వాన వస్తే పండగే, సబ్బు పట్టుకుని డెక్కు మీదికి వచ్చేస్తారు.

వంటవాడి పని కెప్టెన్ పని కన్నా తక్కువేమీ కాదు. ఓడ ఎటు ఒరిగినా పొయ్యి మీది గిన్నెలు జారకుండా చుట్టూ కమ్మీలుంటాయి, బల్లల అంచులకు అడ్డుపట్టీలుంటాయి. రేవు వదిలిన వారం పది రోజుల్లో ఆకుకూరలు, టమాటాలు అయిపోతాయి. ఆ తరువాత బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, పప్పు, బియ్యం. పాతకాలంలో ఉప్పు మాంసం, పురుగు పట్టిన గట్టి బిస్కెట్లు తప్ప వేరే ఉండేది కాదు, చిగుళ్లు కుళ్లి నావికులు గుంపులుగా చనిపోయేవాళ్లు. 1747లో బ్రిటిష్ ఓడ సాల్స్‌బరీలో వైద్యుడు జేమ్స్ లిండ్ రోగులను జంటలుగా విడగొట్టి ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. అయినా నౌకాదళం నిమ్మరసాన్ని అందరికీ ఇవ్వడానికి మరో నలభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ ఆలస్యానికి పోయిన ప్రాణాలు తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

మొదటి రెండు మూడు రోజులు సముద్రపు వికారం చాలామందిని కుదిపేస్తుంది. లోపలి చెవి ఓడ ఊగుతోందని చెబుతుంది, గదిలో ఉన్న కన్ను అంతా నిలకడగా ఉందంటుంది. ఆ తగవులో కడుపు తిరుగుతుంది. డెక్కు మీదికి వచ్చి దిగంతం కేసి చూస్తే, చేతికి చుక్కాని ఇస్తే తగ్గుతుంది. అల్లం నమలడం చాలా దేశాల నావికుల చిట్కా. పడకలు ఇరుకు, ఒకదానిపై ఒకటి. ఒరిగినప్పుడు దొర్లిపోకుండా పక్కన గుడ్డ కడతారు. డెన్మార్క్ శిక్షణ ఓడ డాన్మార్క్‌లో ఇప్పటికీ వేలాడే ఊయల పడకలే. కొత్తవాళ్లు స్తంభం ఎక్కడమే కష్టమనుకుంటారు. దానికి వారంలో అలవాటుపడతారు. ముక్కలు ముక్కలుగా తెగిన నిద్ర, తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చోవడానికి చోటు లేకపోవడం, కోపం వచ్చినవాడితోనే మళ్లీ ఒకే తాడు లాగవలసి రావడం, వీటికి అలవాటుపడడానికే నెలలు పడుతుంది.

ప్రమాదాలు నిజమైనవే. జర్మనీ శిక్షణ ఓడ పామిర్ 1957 సెప్టెంబరులో అట్లాంటిక్ తుపానులో మునిగింది. బస్తాలకెత్తకుండా వదులుగా పోసిన బార్లీ గింజలు ఒక వైపుకు జారి ఓడ ఒరిగిపోయింది. 86 మందిలో ఆరుగురే మిగిలారు. పోయినవాళ్లలో ఎక్కువమంది కుర్రవాళ్లు. 2025 మే 17న మెక్సికో ఓడ క్వావ్‌తెమోక్ న్యూయార్క్‌లో అదుపు తప్పి బ్రూక్లిన్ వంతెనను ఢీకొంది. రేవు వదిలేటప్పుడు ఆచారం ప్రకారం క్యాడెట్లు దూలాల మీద బారులు తీరి ఉన్నారు. ఇద్దరు చనిపోయారు. అందుకే మనిషి నీళ్లలో పడితే ఏం చేయాలన్నది ప్రతి ఓడలో మళ్లీ మళ్లీ సాధన చేస్తారు: చూసినవాడు కేక వేసి, చేయి చాచి, పడినవాడి మీంచి చూపు మరల్చకుండా నిలబడాలి. అలల మధ్య తల ఒక్కసారి కనుమరుగైతే మళ్లీ దొరకడం కష్టం.

పెద్ద ఓడలో డజన్లమంది పంచుకునే ఈ పనంతా ఆరుగురే చేస్తే ఎలా ఉంటుందో 2017, 2018లలో ఐఎన్‌ఎస్‌వీ తారిణి చూపింది. 17 మీటర్ల ఈ ఒంటి స్తంభపు ఓడ 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరింది. నడిపిన ఆరుగురూ నౌకాదళ మహిళా అధికారులే. వాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాదుకు చెందిన బి.ఐశ్వర్య. నాయకత్వం వర్తికా జోషిది. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్‌టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ మీదుగా సాగారు. పసిఫిక్ దక్షిణ భాగంలో భవనాలంత అలలతో తుపాను మీద పడింది. 2018 జనవరిలో కేప్ హార్న్ దాటారు. చుక్కాని యంత్రం చెడడంతో మారిషస్‌లో ఆగి బాగు చేయించుకుని, 254 రోజులకు 2018 మే 21న గోవా చేరారు. వంట, మరమ్మతు, చుక్కాని, వైద్యం అన్నీ వాళ్లవే. సముద్రయానం మగవాళ్ల పని అన్న మాటకు ఆ ఆరుగురి తరువాత విలువ లేదు.

ఈ ఓడలు ఎక్కే దారి సముద్రం చూడని ఊళ్లకూ తెరిచే ఉంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ద్వారానో, కేరళలోని ఎళిమల నౌకా అకాడమీ ద్వారానో అధికారులయ్యేవాళ్లు కొచ్చిలో ఉండే మొదటి శిక్షణ దళానికి వస్తారు. తరంగిణి, సుదర్శిని ఆ దళంలోవే. నావికులుగా చేరే అగ్నివీరులకు తొలి శిక్షణ ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో. ఎన్‌సీసీ నౌకా విభాగం విద్యార్థులకు చిన్న తెరచాప పడవలు నడపడం నేర్పుతుంది. యూరప్‌లో నౌకాదళంతో పని లేకుండానే, రుసుము కట్టి కొన్ని రోజులు పనివాళ్లుగా వెళ్లవచ్చు. 1956లో మొదలైన అక్కడి టాల్ షిప్ పందేల్లో సిబ్బందిలో కనీసం సగం మంది 15 నుంచి 25 ఏళ్ల మధ్య వాళ్లే ఉండాలన్నది నియమం. నౌకాదళంలో ఈత రానివాళ్లకు నేర్పుతారు గాని ముందే వచ్చి ఉంటే మేలు. గార్లదిన్నె మండలంలో లోతైన నీళ్లంటే పెన్నా మీది పెనకచర్ల డ్యామే, అయితే అక్కడ తోడు లేకుండా దిగడం ప్రాణాంతకం. అనంతపురంలో శిక్షకుడున్న ఈతకొలనే సరైన చోటు. ఇక రంగులు గుర్తించే చూపును గట్టిగా పరీక్షిస్తారు. రాత్రి ఎదురొచ్చే ఓడకు ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉంటాయి, అది ఏ వైపుకు పోతోందో చీకట్లో తెలుసుకోవడానికి ఆ రంగులు ముఖ్యం.